గాస్కెట్ పోతే కుక్కర్ పారేస్తామా?

కుక్కర్ గాస్కెట్ సాగిపోతే గాస్కెట్ మారుస్తాం. మిక్సీ బ్లేడు అరిగితే బ్లేడు వేయిస్తాం. వంకాయ కొనేటప్పుడు పుచ్చుందేమోనని నాలుగువైపులా తిప్పి చూస్తాం. ఇంత తెలిసిన మనకి, వేలకు వేలు పోసి లాప్‌టాప్ కొనేచోట నోరెందుకు పడిపోతుందో నాకు అర్థం కాదు. పైగా "మీకు తెలీదు లెండి మేడమ్, సార్‌ని తీసుకురండి" అంటే, నిజమే కాబోలనుకుని వచ్చేస్తాం!

మా నేరేడ్‌మెట్‌లో, మా వీధి చివర ఒకావిడ ఉన్నారు. కొడుకు ఇంజనీరింగులో చేరిన ఏడాది చీటీ పాడి మరీ లాప్‌టాప్ కొనిపెట్టారు. మూడేళ్ళు తిరిగేసరికి, అబ్బాయి చదువుకి కావలసిన త్రీ-డీ బొమ్మల సాఫ్ట్‌వేర్ అందులో నత్తనడక నడవసాగింది. గ్రాఫిక్స్ కార్డు మార్పిస్తే సరిపోతుందన్నారెవరో. ఆవిడకి తోడుగా నేనూ షాపుకి వెళ్ళాను. షాపు పేరెందుకు లెండి. కౌంటర్లో కుర్రాడు మూతయినా తెరవకుండా, "ఇందులో మారదు ఆంటీ, ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నాడు.

అతను చెప్పింది నిజమే. ఆ నిజాన్ని డబ్బు చేతులు మారాక మూడేళ్ళకి చెప్పడమే నాకు ఒళ్ళు మండించింది.

గ్రాఫిక్స్ కార్డంటే తెరమీది బొమ్మను లెక్కగట్టి గీసే భాగం. డెస్క్‌టాప్‌లో అది విడి పలక. మరమేకు విప్పి, పాతది లాగి, అదే గాడిలో కొత్తది గుచ్చడమే. లాప్‌టాప్‌లో నూటికి తొంభైపాళ్ళు ఆ చిప్పును అసలు బోర్డుకే సోల్డరింగు చేసేస్తారు. ర్యామ్ మార్చుకోవచ్చు, హార్డ్ డిస్కు మార్చుకోవచ్చు, అదీ చాలావాటిలోనే. ఇది మాత్రం కదలదు.

పేర్లతో ఇంకో గారడీ ఉంది. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060నే చూడండి. డెస్క్‌టాప్‌కి వచ్చిన కార్డులో 12 జీబీ మెమరీ; లాప్‌టాప్‌లో అదే పేరుతో వచ్చినదానిలో 6 జీబీ! పట్టుచీర అని బోర్డు పెట్టి సగం నూలు నేసి అమ్మితే మనం ఊరుకుంటామా?

పల్చగా, తేలిగ్గా ఉండాలంటే ఇలా అతికించక తప్పదంటారు. కొంత నిజముంది. కానీ అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అనే చిన్న కంపెనీ గ్రాఫిక్స్ భాగం ఊడదీసి మార్చుకునే లాప్‌టాప్‌ను 2024లో కొన్నవాళ్ళకి అందించింది. 2025లో అదే లాప్‌టాప్‌కి కొత్త గ్రాఫిక్స్ భాగాన్ని విడిగా అమ్మకానికి పెట్టింది. చిన్నవాళ్ళకి చేతనైనది, ప్రపంచమంతా అమ్మే పెద్దవాళ్ళకి చేతకాదా? మారిస్తే కొత్తది అమ్ముడుపోదు, అదీ సంగతి.

అసలు ఇరవైనాలుగు గంటలూ చార్జరు తగిలించి బల్లమీదే ఉంచే మిషను లాప్‌టాప్ ఎందుకవ్వాలి? హాస్టలుకి మోసుకెళ్ళే పిల్లల సంగతి వేరు. ఇంట్లోనే ఉండి చదివేవాళ్ళకి డెస్క్‌టాప్ కొనండి. కార్డు పాతబడితే కార్డొక్కటే మార్చవచ్చు. అయితే పెద్ద బీరువా కొనేముందు గుమ్మం కొలిచినట్టు, డబ్బాలో కార్డు పొడవుకి చోటుందో లేదో చూడాలి. పవర్ సప్లై ఎన్ని వాట్లదో అడగాలి. ఆ 3060 ఒక్కటే 170 వాట్లు లాగుతుంది. మొత్తానికి 550 వాట్ల సప్లై ఉండాలని తయారుచేసినవాళ్ళే చెప్పారు. పాత వైరింగుకి గీజరు తగిలించం కదా! కంపెనీ వాళ్ళమ్మే సన్నపాటి డబ్బాల్లో చాలావాటికి ఆ శక్తి ఉండదు. సికిందరాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే ఏ భాగానికాభాగం విడిగా దొరుకుతుంది. నాలుగు షాపులు తిరిగి బేరమాడటం మనకొకరు నేర్పాలా?

ఉత్తరాలు టైపు చేసుకోవడానికీ, సినిమాలు చూడటానికీ అసలు విడికార్డే అక్కర్లేదు. ప్రాసెసర్లో ఉన్న గ్రాఫిక్సు చాలు. "ప్రాజెక్టు వర్కమ్మా" అంటూ అర్ధరాత్రిదాకా తుపాకీ మోతలు వినిపించే ఇళ్ళు మా కాలనీలోనూ ఉన్నాయి, అది మీరూ మీ అబ్బాయీ తేల్చుకోండి.

ఆ షాపులో ధర చీటీ మీద తగ్గింపు ఎంతో, నెలవారీ వాయిదా ఎంతో పెద్దక్షరాల్లో వేశారు. "ఇందులో గ్రాఫిక్స్ మార్చడం కుదరదు" అన్న నాలుగు ముక్కలకి మాత్రం చోటు చాలలేదు. ఈసారి వెళ్ళినప్పుడు ఆ నాలుగు ముక్కలూ బిల్లు మీద రాసిమ్మని అడుగుదామని నేనూ, ఆవిడా అనుకున్నాం. సార్‌ని తీసుకెళ్ళం.