లెక్క లేదంటే గాయం లేనట్టేనా?

ఇంటర్న్‌గా చేరిన మొదటి రోజే నన్ను చిక్కులో పడేసే పని ఒకటి అప్పజెప్పారు. ఆడపిల్లల జననాంగాన్ని కోసే ఆచారం మీద ఇంగ్లీషులో వున్న నాలుగు పేజీల కరపత్రాన్ని తెలుగులోకి తేవాలి. మా ఆఫీసు పాతబస్తీలో, శాలిబండ దగ్గర ఒక సందులో, మేడ మీద. కింద రోజంతా కుట్టుమిషన్ల చప్పుడు. ఆ చప్పుడులో కూచుని మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను.

"సున్తీ" అని రాద్దామా? ఆ మాట ఈ వూళ్ళో అందరికీ తెలుసు. మగపిల్లవాడికి సున్తీ చేస్తే మెళ్ళో పూలదండ వేస్తారు, బంధువులను పిలిచి భోజనాలు పెడతారు. ఆడపిల్లకి చేసేదానికి దండా లేదు, పిలుపూ లేదు. ఐస్‌క్రీమ్ కొనిపెడతానని నాయనమ్మో మేనత్తో తీసుకెళ్తుంది. తిరిగొచ్చాక ఎవరికీ చెప్పొద్దంటుంది. చాలా ఇళ్ళల్లో తండ్రికి కూడా తెలియదు. రెంటికీ ఒకే పేరు పెడితే రెండోది కూడా మొదటిదంత మామూలు వ్యవహారమైపోతుంది. పోనీ "జననాంగ విచ్ఛేదన" అని రాస్తే, ఏళ్ళ తరబడి ఈ బస్తీల్లో తిరుగుతున్న మా ఆపా ఒప్పుకోలేదు. "ఈ లఫ్జ్ అంటే దర్వాజా మూసుకుంటది బేటీ" అంది.

అసలు ఏ భాగాన్ని కోస్తారో చెప్పడానికే మాట దొరకలేదు. నిఘంటువుల్లో వున్నవి సంస్కృత పదాలు, ఏ తల్లీ కూతురి దగ్గర వాడనివి. వాడుకలో వున్నవి బూతులు. స్త్రీశక్తి సంఘటన మహిళలు మన శరీరాల గురించి మన భాషలో "సవాలక్ష సందేహాలు" రాసిన ఈ నగరంలోనే, ఇన్నేళ్ళ తర్వాత నేనింకా మాట కోసం తడుముకుంటున్నానే అని సిగ్గేసింది. చివరికి "మూత్రద్వారానికి పైన వుండే చిన్న మొగ్గలాంటి భాగం, దాని మీది చర్మం, స్పర్శ అన్నిటికన్నా ఎక్కువ తెలిసే చోటు" అని విడమరిచి రాశాను.

అప్పటిదాకా నాకూ ఇది ఆఫ్రికా సంగతే. ఎం.ఎస్.డబ్ల్యూ. పరీక్షలో సోమాలియా, ఈజిప్టు, సూడాన్ అని రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. మన దేశంలో ఇది ప్రధానంగా దావూదీ బోహ్రా సమాజంలో వుంది. వాళ్ళు గుజరాత్ మూలాలున్న షియా ఇస్మాయిలీలు, ఎక్కువమంది వ్యాపారులు. హైదరాబాదులో వున్నవి కొద్ది కుటుంబాలే. పాతబస్తీ ముస్లింలలో అత్యధికులకు ఈ ఆచారమే లేదు. చెప్తే "తౌబా తౌబా" అని చెంపలేసుకుంటారు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

బోహ్రాలు దీన్ని ఖత్నా అనీ ఖఫ్జ్ అనీ అంటారు. పిల్లకి ఏడేళ్ళు వచ్చేసరికి చేస్తారు. కోసే ముక్కకు వాళ్ళలో వున్న పేరు "హరామ్ కీ బోటీ", అంటే పాపపు మాంసం ముక్క. కోరిక పుట్టకముందే దాని చోటు కొయ్యడమన్న మాట. పితృస్వామ్యం ఏం కోరుకుంటుందో ఇంత సూటిగా చెప్పిన మాట నేను ఇంకెక్కడా వినలేదు. శుభ్రత కోసమని చెప్పేవాళ్ళూ, మతం చెప్పిందనేవాళ్ళూ వున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఇది మొదటి రకం. అంతా కోసి కుట్టేసే రకంతో పోలిస్తే చిన్నదే కదా అంటారు. చిన్న కోత, చిన్న పిల్ల, చిన్న సమాజం, మీకెందుకింత రాద్ధాంతం అన్నట్టు. కోత ఎంత చిన్నదైనా గాయం గాయమే, నేరం నేరమేనని ఆస్ట్రేలియా హైకోర్టు 2019లో తేల్చింది. ఆ కేసు కూడా బోహ్రా పిల్లలదే.

ఇక నా అసలు పని. నిధులిచ్చే సంస్థ వాళ్ళు పంపిన ఫారంలో ఒక గడి వుంది: "గుర్తించిన కేసుల సంఖ్య". ఫిబ్రవరి 6 అంతర్జాతీయ దినం లోపల ఆ గడి నిండాలి. ఆపాతో కలిసి ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టాను. చాయ్ ఇచ్చారు, పిల్లల చదువుల గురించి మాట్లాడారు. ఆ మాట ఎత్తగానే గ్లాసులు తీసుకెళ్ళి లోపల పెట్టారు. అలా మూడు వారాలు.

ఒక్కావిడ మాత్రం లేవలేదు. రిదాలకు లేసు కుట్టి నాలుగు రూపాయలు సంపాదించుకుంటుంది. సూది ఆపకుండానే నన్ను అడిగింది: "నా పెద్ద కూతురిది చెప్తాననుకో, నువ్వేం చేస్తావు?" నా దగ్గర జవాబు లేదు. నిజానికి వుంది, కానీ చెప్పలేకపోయాను. పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం, పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం కూడా నేరమే. అంటే ఆమె నోరు విప్పితే మొదటి ముద్దాయి ఆమె, రెండోది వాళ్ళ అత్తగారు. "సరే, మమ్మల్ని వదిలెయ్యి. జమాత్ నుంచి వెలేస్తే రేపు నేను చస్తే ఎక్కడ పాతిపెడతారు? మీ ఆఫీసులోనా?" అంది. వెటకారం కాదది. బొంబాయి రాష్ట్రం 1949లో వెలివేతను నిషేధిస్తూ చట్టం చేసింది. బోహ్రా మతగురువు సయ్యద్నా దాన్ని సవాలు చేస్తే 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. వెలేసే అధికారం మత స్వేచ్ఛలో భాగమంది. శ్మశానం దొరకదేమోనన్న ఆమె భయం వెనక సుప్రీంకోర్టు తీర్పు వుంది.

ఆ రోజు సాయంత్రం మదీనా బిల్డింగ్ దగ్గర బస్సు కోసం నిలబడి ఫారంలో "నిల్" అని రాశాను. మర్నాడు ఆఫీసులో చీవాట్లు తిన్నాను. ఇన్ని వారాలు ఏం చేశావన్నారు. అంతకన్నా నన్ను తినేసింది ఇంకొకటి. నేను రాసిన ఆ "నిల్" ఎక్కడికి వెళ్తుంది? ఏదో ఒక రోజు ఢిల్లీలో ఒక ఫైల్లో చేరి, ఈ ఆచారం ఇక్కడ లేదనడానికి సాక్ష్యమవుతుంది.

అతిశయోక్తి అనుకోకండి. 2017 మేలో కేంద్రమంత్రి మేనకా గాంధీ, ఇది ఇప్పుడున్న చట్టాల ప్రకారమే నేరమనీ, బోహ్రాలు తమంతట తాము మానకపోతే ప్రత్యేక చట్టం తెస్తామనీ అన్నారు. అదే ఏడాది డిసెంబరులో ఆవిడ శాఖే సుప్రీంకోర్టుకు, దేశంలో ఈ ఆచారం వుందని చెప్పే అధికారిక సమాచారంగానీ అధ్యయనంగానీ లేదని అఫిడవిట్ ఇచ్చింది! 2018కి వచ్చేసరికి అటార్నీ జనరల్ మళ్ళీ నేరమేనన్నారు. వున్నదని ఒకసారి, లేదని ఒకసారి.

లేదన్నది అధికారిక లెక్క మాత్రమే, స్త్రీలు చెప్పుకున్న లెక్క ఎప్పటి నుంచో వుంది. రెహానా ఘడియాలీ 1991లోనే బోహ్రా స్త్రీలతో మాట్లాడి "మానుషి"లో రాసింది. అఫిడవిట్‌కి 26 ఏళ్ళ ముందు! సహియో సంస్థ 385 మంది బోహ్రా స్త్రీలను అడిగితే 80 శాతం మంది తమకు జరిగిందన్నారు. ఆ ఫలితాలు వచ్చింది అఫిడవిట్‌కి నెలల ముందు, 2017 ఫిబ్రవరిలో. మసూమా రనాల్వీ, ఆమె సహచరులు పేర్లు పెట్టి, మొహాలు చూపించి బయటికొచ్చారు. ఇవి చిన్న సర్వేలే, తెలిసినవాళ్ళ ద్వారా తెలిసినవాళ్ళను అడిగినవే, ఒప్పుకుంటాను. మరి పెద్దది ఎవరు చెయ్యాలి? పశువుల్ని లెక్కపెట్టడానికి గడప గడపకీ మనుషుల్ని పంపే రాజ్యం, కోతకు గురైన పిల్ల తనే వచ్చి లెక్కలో చేరాలంటోంది. నోరు తెరిస్తే వెలివేత, నోరు మూసుకుంటే "డేటా లేదు". స్త్రీల పత్రికలో అచ్చయినది సమాచారం కాదా? అయితే మనమంతా ఇన్నేళ్ళుగా రాస్తున్నదేమిటి?

మన వైపు కూడా చూసుకుందాం. "ఇప్పుడు సమయం కాదు" అని నాతో అన్నవాళ్ళు ఛాందసులు కారు, నేను గౌరవించే అక్కలే. మైనారిటీల మీద దాడులు జరుగుతున్న రోజుల్లో ఈ సంగతి ఎత్తితే ఎవరి చేతికి కర్రనిస్తున్నామో ఆలోచించమన్నారు. ఆ భయం ఉత్తది కాదు. నగరంలో ఒక కాలేజీలో మాట్లాడినప్పుడు ఒక కుర్రాడు లేచి "చూశారా వాళ్ళ మతం" అని సంబరంగా అన్నాడు. పాతబస్తీ ముస్లింలలో అత్యధికులకు ఈ ఆచారమే లేదన్నా వినిపించుకోలేదు. మన తెలంగాణ పల్లెల్లో దేవుడి పేరు చెప్పి దళిత ఆడపిల్లల్ని జోగినులుగా వూరికి వదిలేస్తే 1988లో చట్టం చెయ్యాల్సొచ్చిందని గుర్తుచేశాను. కూచున్నాడు గానీ మారాడని నేననుకోను.

1991లో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో ఏడుస్తున్న పాతబస్తీ పాపను అమృతా అహ్లూవాలియా అనే ఎయిర్‌హోస్టెస్ గమనించి బయటపెట్టింది. పదేళ్ళు దాటీ దాటని ఆ పిల్లను అరవై ఏళ్ళ సౌదీ దేశస్థుడికి కట్టబెట్టారు. దేశమంతా మాట్లాడింది. ఆ పిల్ల గురించి కన్నా ఆ పిల్ల మతం గురించే ఎక్కువ మాట్లాడింది. ఇంటి దరిద్రం గురించి, ఈ బస్తీలో లేని బడుల గురించి, పనుల గురించి ఎవరికీ పట్టలేదు. అట్లా మళ్ళీ జరగకూడదనే నేనూ అంటాను. కానీ అందుకు మందు మౌనం కాదు. మనం మాట్లాడకపోతే ఈ విషయం అనాథగా వుండదు, ఆ కాలేజీ కుర్రాడి సొత్తవుతుంది.

తమ ఆచారం తమకు కావాలంటూ కోర్టుకెళ్ళిన బోహ్రా స్త్రీల సంఘం కూడా వుంది. వాళ్ళు పెద్దవాళ్ళు, తమ ఒంటి గురించి ఏమైనా చెప్పుకునే హక్కు వాళ్ళకుంది. ఏడేళ్ళ పిల్ల తరఫున ఒప్పుకునే హక్కు ఎవరిచ్చారు? 2018లో అయిదుగురు న్యాయమూర్తులకి వెళ్ళిన ఈ వ్యవహారాన్ని 2019 నవంబరులో శబరిమల తీర్పు ఇంకా పెద్ద ధర్మాసనం చూడాల్సిన ప్రశ్నలతో ముడిపెట్టింది, 2020 జనవరిలో ఆ ప్రశ్నలు తొమ్మిది మంది న్యాయమూర్తుల ముందుకు చేరాయి. మతంలో ఏది అత్యవసరం, ఏది కాదు అని పెద్దలు చర్చిస్తారు. పిటిషన్ వేసిన 2017లో ఏడేళ్ళున్న పిల్లలు ఇప్పటికి ఇంటర్ చదివే వయసుకొచ్చారు. వాళ్ళ మీద తీర్పు ఎప్పుడో అమలైపోయింది.

అందుకని ఎన్.జి.ఓ. మిత్రులకి నేనడిగేది ముందు ఆ గడి తీసెయ్యమని. కేసులు పట్టుకురమ్మని మాలాంటివాళ్ళని ఇళ్ళ మీదకి పంపకండి. వెలివేతను నిషేధిస్తూ మహారాష్ట్ర 2016లో చేసినటువంటి చట్టం ఇక్కడా కావాలని అడుగుదాం. అది లేకుండా మాట్లాడమని ఏ తల్లినీ బలవంతపెట్టే హక్కు మనకు లేదు. ఈ కోత వైద్యం కాదనీ, చేసిన డాక్టరు రిజిస్ట్రేషన్ పోతుందనీ ప్రతి ఆస్పత్రి గోడ మీదా రాయించమని ప్రభుత్వాన్ని అడుగుదాం. ఇది పోక్సో కిందకి వస్తుందని చట్టంలోనే స్పష్టంగా చేర్చి, జరగబోయేదాన్ని ఆపమని వచ్చిన తల్లికి రక్షణ ఇమ్మందాం. ఇప్పుడున్న పద్ధతిలో ఆమెకి దొరికేది పోలీస్ స్టేషన్ బెంచీ.

కరపత్రం పూర్తయింది. వెనక మా సంస్థ పేరు, నిధులిచ్చినవాళ్ళ గుర్తు వెయ్యాలని పెద్ద వాదన జరిగింది. ఏదీ వెయ్యొద్దని ఆపా పట్టుబట్టింది. ఇంట్లో దొరికితే ఎవరు తెచ్చారని అడిగేది ఆడదాన్నే అంది. చివరికి బొమ్మా గుర్తూ లేని తెల్ల కాగితం మీదే వేశాం. లేసు కుట్టే ఆవిడ ఒకటి చదివి, మడిచి, ఇంకో అయిదు ఇమ్మంది. ఎవరికని నేనడగలేదు. తెలుగు, ఉర్దూ ప్రతులు రెండూ వున్నాయి, కావలసినవాళ్ళు పత్రికకి రాయండి.