చేతిపనియు విద్యయే

మార్కాపురపు పలకను గూర్చి పెద్దారవీడు బాలురకు క్రొత్తగా చెప్పనక్కఱలేదు. రాతిని పొరలుగా చీల్చి, పగులకుండ నునుపుచేయు పనివాని నేర్పు పుస్తకమువలన వచ్చినది కాదు. అయినను దానిని విద్యయని మనము తలపము. ఈ తలంపు సరికాదనుటకు జపానుదేశపు ఇంజనీరు తత్సువో ఇజావాగారి కృషిని ఉదాహరించుచున్నాము.

వెండ్రుకవంటి గాజుతీగలో వెలుగును నడిపి దూరమునకు వార్తల నంపవచ్చునని ఛార్లెస్ కావోగారు, హాకమ్‌గారు 1966లో తెలిపిరి. కిలోమీటరు దూరము పోయిన పిదప నూటికొకవంతు వెలుగు మిగిలినను చాలునని వారి లెక్క. 1970లో అమెరికాలోని కార్నింగు సంస్థవారు దానిని సాధించిరి. పిమ్మట వాడుకకు వచ్చిన పద్ధతిలో గాజుగొట్టము లోపల పొరలు పేర్చెడివారు. గొట్టపు పరిమాణమును బట్టియే తీగ లభించెడిది.

నిప్పన్ టెలిగ్రాఫు టెలిఫోను సంస్థలో పనిచేయుచుండిన ఇజావాగారు సహచరులతో గూడి 1977లో వేఱొక త్రోవ చూపిరి. సిలికాను క్లోరైడు ఆవిరిని మంటలోనికి పంపి, అందు పుట్టిన గాజుపొడిని తిరుగుచున్న కడ్డీ కొనపై పేర్చుచు, కడ్డీని మెల్లగా పైకి లాగిరి. అట్లు పెరిగిన ముద్ద గుల్లగా నుండుటచే, వెలుగును మ్రింగు నీటియంశమును దానినుండి తొలగించుట సులభమయ్యెను. పిదప దానిని కాల్చిన తేటగాజగును. జపానులో ఈ పద్ధతియే ప్రధానమయ్యెను.

కావోగారికి 2009లో నోబెలు బహుమానము లభించెను, అది న్యాయమే. కాని మంటను అదుపుచేసి, కడ్డీని త్రిప్పినవారి పేళ్లు మనలో నెందఱికి తెలియును?

పరీక్షలు సమీపించగనే ప్రయోగశాల గంటను వల్లెవేతకు మరల్చుట పెక్కు పాఠశాలలలో వాడుక. కొందఱు తల్లిదండ్రులును ఇదియే మేలందురు. మేము దీనికి సమ్మతింపము. మార్కులు వలదని మా వాదము కాదు. కావోగారి లెక్క లేనిచో ఇజావాగారి మంటకు గమ్యమే లేదు. ఆ మంట లేనిచో లెక్క కాగితముననే నిలిచిపోవును.

కావున ప్రయోగశాల గంటను ఏ కారణముచేతను తీసివేయరాదనియు, ఏటికొక పర్యాయమైనను పలకల పనివారిని పాఠశాలకు రావించి, బాలురచే వారి పని చేయింపవలెననియు మా మనవి. తమ బిడ్డ చేతికి రాతిపొడి యంటిన నాడు ఏ తండ్రియు చదువు చెడెనని చింతింపకుండుగాక.