బర్రెకు వేసిన మ్యాటు అమ్మకూ వేద్దాం



మోకాళ్లు పట్టేసిన పెద్దల కోసం చాలా ఇండ్లల్లోకి పెడల్ మిషన్లు వచ్చాయి. కుర్చీలో కూర్చొని కాళ్లతో తొక్కే చిన్న సైకిలు లాంటిది. మేమూ ఒకటి కొన్నాం. అమ్మ రెండు చుట్లు తొక్కిందో లేదో, మిషన్ టైల్స్ మీద జానెడు ముందుకు జరిగింది. గోడకు ఆనించి పెట్టాం. ఈసారి కుర్చీ వెనక్కి పోయింది. అంచుకు జారిన అమ్మను పక్కనే ఉండబట్టి పట్టుకోగలిగాను. ఆ రోజే మిషన్ మంచం కిందికి చేరింది. మీ ఇంట్లో అది సజ్జ మీద ఉండొచ్చు.

మన నల్లగొండ, పాలమూరు దిక్కు కీళ్ల బాధ చిన్న విషయం కాదు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మర్రిగూడ, మునుగోడు వైపు అంతకు మించి ఫ్లోరైడున్న బోరు నీళ్లే ఏండ్ల తరబడి తాగారు. ఫ్లోరైడు తీసే ఒక పద్ధతికి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు నల్లగొండ పేరే పెట్టారంటే ఆ బాధ ఎంతటిదో తెలుస్తుంది. మిషన్ భగీరథ పథకం నీళ్లొచ్చాయి గానీ, పాత నీళ్లకు బిగుసుకున్న కీళ్లు అట్లాగే ఉన్నాయి. డాక్టరు తొక్కమన్న మనిషి జారుతానన్న భయంతో మానేస్తే, ఆ కాలు ఇంకా బిగుస్తుంది.

తప్పు ముసలమ్మది కాదు, నేలది. అలికిన మట్టి, గరుకు షాబాద్ బండ కాలికి పట్టునిచ్చేవి. ఇప్పుడు పాలిష్ గ్రానైటు, నున్నటి టైల్స్ వచ్చాయి. వాటి మీద ఎర్ర దుబ్బ పలచగా పడితే చాలు, మిషన్ కాళ్ల రబ్బరు ఆ దుబ్బ మీదే జారిపోతుంది.

కొందరు కింద జంపఖానానో, పాత గొంగడో పరుస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. టైల్స్ మీద బట్ట ఇంకా వేగంగా జారుతుంది.

బర్రెల షెడ్డులో సిమెంటు మీద గిట్టలు జారకుండా పరిచే మందపాటి రబ్బరు మ్యాటు ఉంది చూడండి, అదే మనకు కావలసింది. అయితే ఒక్క మిషన్ కిందనే వేస్తే లాభం లేదు. కుర్చీ నాలుగు కాళ్లూ, మిషనూ ఒకే మ్యాటు మీద ఉండాలి. కాలు మిషన్‌ను ఎంత బలంగా ముందుకు నెడుతుందో, కుర్చీని అంతే బలంగా వెనక్కి నెడుతుంది. రెండూ ఒకే మ్యాటు మీదుంటే ఆ నెట్టుళ్లు ఒకదానికొకటి సరిపోతాయి, మనిషి బరువు మ్యాటును నేలకు అదిమి పెడుతుంది. కుర్చీ ముందు కాళ్లకు మిషన్‌ను తాడుతో కట్టండి. చక్రాల కుర్చీ, తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ వద్దు. పరిచే ముందు నేలను, మ్యాటు అడుగును తడిబట్టతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. వారానికోసారి మళ్లీ తుడవాలి.

ట్రెడ్‌మిల్ ఉన్నవాళ్లు నేల వాటం చూసుకోండి. కడిగిన నీళ్లు పోవడానికి మేస్త్రీ ఇచ్చిన వాటం మీద ఒక కాలు గాలిలో లేస్తే, మిషన్ అదురుతూ జరుగుతుంది. కాళ్ల కిందున్న మరలు తిప్పి అన్నీ నేలకు ఆనేలా సరిచేయండి.

దుకాణదారులారా, మ్యాటు లేకుండా మిషన్ అమ్మకండి. ధరలో కలపండి, మేం కడతాం. ఇల్లు కట్టే మేస్త్రీలారా, బాత్రూములో వేసే గరుకు టైల్స్ హాలులో ఒక మూలకూ వేయమని యజమానికి చెప్పండి. ఫిజియోథెరపిస్టులారా, వ్యాయామం రాసిచ్చేటప్పుడు ఇంట్లో నేల ఎట్లాంటిదో ఒక్క మాట అడగండి.

రబ్బరు మరక టైల్స్ మీద పడుతుందని వెనుకాడకండి. మరక పడితే పడనీయండి, అమ్మ తుంటి ఎముక విరిగితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఈ ఆదివారమే మంచం కిందో సజ్జ మీదో ఉన్న మిషన్‌ను బయటికి తీయండి, కింద మ్యాటు పరవండి, మొదటి రోజు అమ్మ తొక్కుతున్నంతసేపూ పక్కన కూర్చోండి.