నాగపట్టణపు బౌద్ధ గోపురము

విద్యాలయమును కట్టుటకై, విద్య నేర్పు ప్రాచీన కట్టడమును కూల్చవచ్చునా? నాగపట్టణమున నట్టి కార్యము జరిగినది. విద్యార్థు లా చరిత్రము నెరుగుట మంచిది.

తమిళదేశపు తూర్పుతీరమందలి నాగపట్టణము చోళుల కాలమున ప్రసిద్ధమైన రేవు. సముద్రమున కావల శ్రీవిజయ రాజ్యము నేలిన చూడామణివర్మ పేర అచ్చట నొక బౌద్ధ విహారము వెలసెను. దానిని పూర్తిచేసినవా డతని కుమారుడు మారవిజయోత్తుంగవర్మ. రాజరాజ చోళుడు పరమశైవుడు. తంజావూరి బృహదీశ్వరాలయమును కట్టించినవాడు. అయినను క్రీ. శ. 1006 ప్రాంతమున నీ విహార పోషణకై ఆనైమంగలమను గ్రామపు ఆదాయము నొసగెను. లైడెన్ శాసనములని పేరొందిన రాగిరేకులే యీ దానమునకు సాక్ష్యము.

కాలక్రమమున అచ్చట బౌద్ధమతము క్షీణించెను. తుదకు యిటుకల గోపుర మొక్కటి మిగిలెను. పరదేశీయులు దానిని చీనా పగోడా యనిరి. మన అమరావతి స్తూపమును 1845లో త్రవ్వించిన వాల్టర్ ఎలియట్ దొర 1846లో దీనిని చూచి వర్ణించెను. అది నలుపలకల కట్టడము, మూడంతస్తులు, ప్రతి ప్రక్కను ద్వారము, అడుసుగాని సున్నముగాని లేక దగ్గరగా పేర్చిన యిటుకలు. ఓడలవారి కది దూరమునుండియే గురుతు.

జెస్యూటు పాదిరులు తమ కళాశాల నిమిత్తము దానిని పడగొట్టుటకు అనుమతి వేడిరి. 1867లో మద్రాసు దొరతనమువా రనుమతించిరి. గోపురము నేలమట్టమయ్యెను. ఆ కళాశాలయో, 1883లో తిరుచిరాపల్లికి తరలిపోయెను.

అది శిథిలము, పూజించువారు లేరు, చదువు ప్రజోపకారము గదా యని కొంద రందురు. చదువు ఉపకారమే. కాని కళాశాలకు వేరు స్థలము దొరకును, వేరు ఇటుకలు దొరకును. ఆ గోపురము మరల దొరకదు. అడుగువారు లేని సొత్తును కాపాడుట అందరి విధి. పొరుగువానిని తనవలె ప్రేమింపవలెనని నేర్చుకొన్న క్రైస్తవులకు ఈ విధి మరింత వర్తించును. శైవరాజు పరమతస్థుల విహారమునకు గ్రామము నిచ్చెను. క్రైస్తవ విద్యాలయము దాని యిటుకలనైనను నిలువనీయలేదు. ఈ భేదమును మనము దాచరాదు, మరువరాదు.

ఇది నాగపట్టణమునకే పరిమితము కాదు. మన భట్టిప్రోలు స్తూపపు ఇటుకలు బాటపనులకును, చలువరాళ్లు కాలువ తూమునకును పోయినవి. కావున విద్యార్థులారా, మీ యూరి దిబ్బలో పాతయిటుక గాని చెక్కిన రాయి గాని కనబడినచో ఇంటిగోడకు కొనిపోకుడు, పోనీయకుడు. ఉన్నచోటనే యుంచి ఉపాధ్యాయునికి చెప్పుడు, పురావస్తుశాఖవారికి తెలియజేయుడు. చదువుకొన్నవాడు కూల్చుటకు ముందు చదువవలెను.