పాన్‌లో కలిపేసిన 6 గ్రాములు

మెకానికల్ ఆపరేషన్స్ ల్యాబ్‌లో బాల్ మిల్ ప్రయోగం చేసినవాళ్లకి ఈ సంగతి తెలుసు. 500 గ్రాముల క్వార్ట్జ్ తూచి మిల్లులో వేస్తాం, అరగంట తిప్పుతాం, జల్లెడల వరుసలో పోసి షేకర్ ఆన్ చేస్తాం. చివరికి అన్నీ తూచి కూడితే 494 వస్తుంది. మిగతా 6? సీనియర్లు చెప్పినట్టే పాన్ బరువులో కలిపేస్తాం. వైవాలో అడిగితే "హ్యాండ్లింగ్ లాస్ సార్" అంటాం. సార్ తలూపుతారు. అయిపోయింది.

లెక్క మార్చడం తప్పే, కానీ నా బాధ అది కాదు. ఆ 6 గ్రాముల్లో కొంత మిల్లు గోడలకి, బాల్స్‌కి అంటుకుని ఉంటుంది. కొంత గాల్లోకి లేచింది. మూత తీయగానే అందరం దగ్గాం కదా, అదే.

మన చివరి జల్లెడ 200 మెష్, అంటే 75 మైక్రాన్లు. ఊపిరితిత్తుల్లోకి దిగే ధూళి దాదాపు 10 మైక్రాన్ల లోపుది. అడుగున గాలి గదుల దాకా చేరేది ఇంకా సన్నం. అంటే మనిషికి హాని చేసే సైజు మన గ్రాఫ్‌లో అసలు కనపడదు. అదంతా "పాన్" అనే ఒక్క మాటలో పోతుంది.

రిట్టింగర్ 1867లో, కిక్ 1885లో, బాండ్ 1952లో చెప్పిన సూత్రాలు బట్టీ పట్టాం. కొత్తగా ఏర్పడిన ఉపరితలాన్ని బట్టి శక్తి ఖర్చవుతుందన్నది రిట్టింగర్ సూత్రం. అప్పుడే పగిలిన క్వార్ట్జ్ ఉపరితలం పాతదానికన్నా ఊపిరితిత్తులకి ఎక్కువ చేటు. కరెంటు ఖర్చుపెట్టి మనం తయారుచేసేది సరిగ్గా ఆ ఉపరితలాన్నే! సిలబస్‌లో ఈ రెండో ముక్క ఎక్కడా లేదు.

ఆ దుమ్ముతో వచ్చే జబ్బు సిలికోసిస్. దానికి నయం లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టమే దాన్ని తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. అయినా రోడ్డు పక్క కంకర క్రషర్ల దగ్గర ఇప్పటికీ మూతికి తువ్వాలు కట్టుకుని పనిచేసేవాళ్లు కనపడతారు. 5 మైక్రాన్ల రేణువుకి తువ్వాలు నేత ఓ లెక్కా? రాయి మీద నీళ్లు చిమ్మడం, బెల్టుకి మూత వేయడం, బ్యాగ్ ఫిల్టర్ పెట్టడం... ఇవేమీ కొత్త టెక్నాలజీలు కావు. రేపు ఆ ప్లాంట్లు డిజైన్ చేసేది మనమే. ల్యాబ్‌లో లాస్ అని కొట్టేయడం అలవాటైన చెయ్యి అక్కడ మాత్రం ఎందుకు ఆగుతుంది?

మా అమ్మమ్మ పిండి జల్లించేటప్పుడు కూడా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. మన ల్యాబ్‌లో మాస్కులు ఇన్‌స్పెక్షన్ రోజు తప్ప బయటికి రావు.

అందుకే రికార్డులో "గాల్లోకి పోయినది" అని ఇంకో గడి ఉండాలంటాను. కచ్చితంగా కొలవలేకపోయినా సరే, అంచనా రాద్దాం. ఈసారి నేను 494 అనే రాసి, కింద ఆ గడి గీశాను. ఎర్ర పెన్నుతో చుట్టి ప్రశ్నార్థకం పెట్టి వెనక్కి ఇచ్చారు. సోమవారం లోపు రీసబ్మిట్ చేయాలట.