తుడిచివేసిన దిష్టిచుక్క

కొంతకాలము క్రిందట మా పట్టణమున ఒక ఫంక్షన్ హాలులో జరిగిన చిన్నారుల అందాల పోటీకి న్యాయనిర్ణేతగా రమ్మని పిలిచినవారి మాట కాదనలేక వెళ్లి, వేదిక ప్రక్క గదిలో టీ త్రాగుచు కూర్చున్న సమయమున, నా యెదుట ఒక తల్లి తన ఐదేండ్ల కూతురిని ప్లాస్టిక్ కుర్చీపై నిలువబెట్టి, ఇంటినుండి బయలుదేరునపుడు అమ్మమ్మయో నాయనమ్మయో బుగ్గమీద పెట్టి పంపిన దిష్టిచుక్కను తడిరుమాలుతో తుడిచివేయుట చూచితిని. కాటుక ఒక పట్టాన వదలలేదు. నల్లని మరక బుగ్గంతయు పరచుకొన్నది. తల్లి విసుగుకొని, దానిపై మేకప్పు పూసి, గులాబిరంగు అద్ది, "ఏదీ, నవ్వు చూద్దాం" అన్నది. బిడ్డ నవ్వినది. "అలా కాదు, పళ్లు కనపడాలి." బిడ్డ మరల నవ్వినది.

దిష్టి యనునది మూఢవిశ్వాసమే కావచ్చును. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట బట్టి బిడ్డ చుట్టును త్రిప్పి నిప్పులలో వేసినంత మాత్రమున ఎవరి చూపును మరలిపోదు. కాని పదిమంది చూపు పడుట పసిప్రాణమునకు బరువనియు, ముద్దులొలుకు ముఖమును ఎక్కడనో ఒకచోట కొంచెము చెరిపియే లోకమునకు చూపవలెననియు తలచిన ఆ ముసలివారి జాగ్రత్తలో, తన పేరు తాను చెప్పుకొనని మనశ్శాస్త్ర మొకటి కలదని నా నమ్మకము. అందాల పోటీ చేయునది సరిగా దీనికి విపర్యయము: అది చూపులను పిలిచి, వరుసగా కూర్చుండబెట్టి, వాని చేతికి పెన్సిలును మార్కుల కాగితమును ఇచ్చును.

ఈ వేడుక అమెరికాలో పెరిగి పెద్దదైనది. 1855లోనే పి. టి. బార్నమ్ న్యూయార్కులోని తన మ్యూజియమున శిశుప్రదర్శన నడపి బహుమతులు పంచెను. 1911లో అయోవా రాష్ట్రపు సంతలో మేలైన శిశువుల పోటీ పెట్టినవారు, అట్టి సంతలలో పశువులకు మార్కులు వేయు పట్టికను ఒరవడిగా పెట్టుకొని పసిపిల్లల కొలతలు తీసిరి. పరిహాసమునకు చెప్పిన మాట కాదిది. ఆరోగ్యమును కొలుచుటయే వారి యుద్దేశమని ఒప్పుకొన్నను, బిడ్డకు మార్కులు వేయవచ్చుననెడి తలంపు అట్లు బలపడినది. నేడు అక్కడ గ్లిట్జ్ అని పిలువబడు పోటీలలో చిన్నపిల్లలకు సవరపు జుట్టు పెట్టి, ఒంటికి గోధుమవన్నె స్ప్రే కొట్టి, ఊడిన పాలపండ్ల సందు కనబడకుండ ఫ్లిప్పర్ అనెడి పండ్లతొడుగు తగిలించి వేదిక ఎక్కించుదురు. 2009లో మొదలైన 'టాడ్లర్స్ అండ్ టియారాస్' అను టెలివిజను కార్యక్రమము ఈ తతంగమునంతయు ఇంటింట చూపినది.

అన్నిటికంటె నన్ను కలతపెట్టినది ఆ పండ్లతొడుగు. ముందుపండ్లు ఊడుట బిడ్డ యెదుగుచున్నదనుటకు గుర్తు. ఊడిన పంటిని ఇంటికప్పుపైకి విసరి, బోసినోటితో వీధియంతయు తిరిగి చూపుకొనుట మా చిన్ననాట ఒక చిన్న పండుగ. అదే బోసినోటిని కప్పిపుచ్చవలసిన లోపముగా ఆరేండ్ల వయస్సున నేర్చుకొన్న బిడ్డ, పదునాలుగేండ్ల వయస్సున ముఖముపై మొటిమ లేచిన నాడు అద్దము నేమని అడుగునో ఊహించుకొనవచ్చును.

ఇట్టి ఊహలకు శాస్త్రజ్ఞుల ఆసరా కొంత కలదు, కొంత లేదు. బార్బరా ఫ్రెడ్రిక్సన్, టోమీ-ఆన్ రాబర్ట్స్ అను ఇరువురు మనస్తత్త్వవేత్తలు 1997లో ప్రతిపాదించిన సిద్ధాంతము ప్రకారము, నిత్యము ఇతరుల కంటికి వస్తువై నిలుచు స్త్రీ క్రమముగా తన దేహమును తానే బయటినుండి చూచుకొనుటకు అలవాటుపడును; తన మనస్సులో సగము న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చుండి మిగిలిన సగమునకు మార్కులు వేయుచుండును. ఆ మరుసటి యేడు వారును వారి సహచరులును, కొందరు విద్యార్థినులకు ఈతదుస్తులును, మరికొందరికి స్వెట్టరును ఇచ్చి, ఎవరును చూడని గదిలో అద్దము ముందు నిలిపి, పిదప లెక్కలు చేయించగా, ఈతదుస్తులలో నున్నవారికి మార్కులు తగ్గెను. చూచువారు లేకున్నను చూపు మాత్రము గదిలోనే యున్నదన్నమాట. బాలికలను లైంగికాలంకారముతో చూపుటకును, తిండికి సంబంధించిన రుగ్మతలు, ఆత్మన్యూనత, విషాదము అనువానికిని ముడి కలదని 2007లో అమెరికా మనస్తత్త్వవేత్తల సంఘము నివేదించినది.

అయితే పసిప్రాయపు పోటీలలో పాల్గొని పెద్దవారైన స్త్రీలనే పరిశీలించి 2005లో వెలువరించిన అధ్యయనమున ఉన్నవారు పదునొకండుగురే. పోల్చుటకు తీసికొన్న తక్కినవారును అంతమందియే. తమ దేహముపై అసంతృప్తి, తోడివారిపై అపనమ్మకము, ఉద్రేకమును అదుపుచేసికొనలేమి మొదటివారిలో ఎక్కువగా కనబడినవి. విషాదమునందు గాని, ఆత్మగౌరవమునందు గాని చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. పోటీకి వెళ్లిన ప్రతి పిల్లయు రోగి యగునని భయపెట్టువారు ఈ రెండవ వాక్యమును దాచుదురు, నేను దాచను. నాకు మొదటి వాక్యమే చాలును. తోడివారిని నమ్మలేని బిడ్డను కిరీటముతో పెంచవలసిన అగత్యము మనకేమి?

పిల్లలకు ధైర్యము వచ్చునని తల్లులందురు. వేదిక యెక్కిన బిడ్డకు సభాకంపము తీరును, నిజమే. పద్యము చదివినను తీరును, నాటకము వేసినను తీరును. పద్యము మధ్యలో మరచి ఓడిన పిల్ల ఇంటికి వచ్చి మరల వల్లించుకొనును. వచ్చే యేడు గెలుచును. ముక్కు తీరు బాగులేదని ఓడిన పిల్ల ఇంటికి వచ్చి ఏమి అభ్యాసము చేయును?

ఫ్రాన్సులో ఈ ప్రశ్న వేసిన శాంతాల్ జువానో రాజకీయములలోనికి రాకముందు కరాటేలో జాతీయ విజేత. పోటీ యనిన భయపడు మనిషి కాదు. 2012లో ఆమె ఇచ్చిన నివేదికను అనుసరించి, మరుసటి యేడు సెప్టెంబరున అక్కడి సెనేటు 16 ఏండ్లలోపు పిల్లల అందాల పోటీలను నిషేధించుటకు 146 ఓట్లకు ఎదురుగా 197 ఓట్లతో అంగీకరించి, నిర్వాహకులకు రెండేండ్ల వరకు కారాగారము, 30,000 యూరోల జరిమానా అన్నది. 2014 ఆగస్టున వచ్చిన తుది చట్టము సడలి, నిషేధమును 13 ఏండ్లలోపువారికి పరిమితము చేసి, ఆపై 16 ఏండ్లలోపువారి పోటీలకు ముందస్తు అనుమతి నియమమును పెట్టినది. తల్లిదండ్రులను జైలుకు పంపుట నాకిష్టము లేదు. టిక్కెట్లమ్ముకొను నిర్వాహకునికి జరిమానా వేయుట మాత్రము మిక్కిలి ఇష్టము.

మన దేశమున 2019 జూనులో కేంద్ర సమాచార ప్రసార శాఖ, సినిమాలలో పెద్దలు వేసిన వయసుకు తగని స్టెప్పులను రియాలిటీ షోలలో పిల్లలచేత వేయించవద్దని చానళ్లకు హితవు చెప్పినది. ఫంక్షన్ హాళ్లకు, షాపింగు మాల్‌లకు, పాఠశాల వార్షికోత్సవములకు అట్టి హితవు చెప్పినవారు నాకు కనబడలేదు. 2025 మే నెలలో ప్రపంచసుందరి పోటీలు హైదరాబాదున జరిగినవి. వచ్చినవారందరును వయస్సు వచ్చి, తమంతట తాము ఒప్పుకొని వచ్చిన యువతులు. వారితో నాకు పేచీ లేదు. ఐదేండ్ల బిడ్డ ఒప్పుకొనుట యనగా అమ్మ సంతోషించుటయే.

ఆనాటి కాగితములో నాలుగు గళ్లుండెను: నడక, దుస్తులు, చిరునవ్వు, ఆత్మవిశ్వాసము, ఒక్కొక్కదానికి పది మార్కులు. మేకప్పు క్రింద కాటుక మరక లీలగా కనబడుచుండగా ఆ పాప వచ్చి, నేర్పినట్లే పండ్లన్నియు కనబడ నవ్వినది. చిరునవ్వు గడిలో ఆరు వేసితిని. ఆ నాలుగు ఎందుకు తగ్గించితినో నాకు నేటికిని తెలియదు. కిరీటము మరియొకరికి పోయిన పిమ్మట, మెట్లు దిగుచున్న నా వ్రేలు పట్టుకొని, "తాతయ్యా, నా నవ్వుకి ఎన్ని వేశావు?" అని అడిగినది. బాగున్నదమ్మా అంటిని. "ఎన్ని?" అన్నది మరల. పది యని అబద్ధమాడితిని. "అమ్మా, పది వేశాడంట!" అని అరచుచు, గౌను కాళ్లకు అడ్డుపడుచుండగా, తల్లి దగ్గరకు పరుగెత్తినది.