వెలగవలసిన పాత దీపం

పాత వస్తువులపై మక్కువ ఒకప్పుడు జమీందారుల మేడలకే పరిమితమై ఉండేది. నేడది మధ్యతరగతి ఇళ్లకు కూడా ప్రాకింది. పాడని గ్రామఫోను, మ్రోగని గోడగడియారం, వెలగని బల్లదీపం ముందుగదికి అలంకారాలైనాయి. మొదటి రెండింటి సంగతి ఎట్లున్నా, వెలగని దీపాన్ని ఇంట నిలుపుకోవడంలోని ఔచిత్యం నాకు బోధపడదు. దీపం తాను కనబడడానికి గాక, ఇతరమైన వాటిని కనబరచడానికి పుట్టిన వస్తువు. కాబట్టి పాత బల్లదీపాన్ని ఎన్నుకొనేవారు దాని వయస్సును తరువాత విచారించి, దాని వెలుగులో ఒక పుట చదవడం సాధ్యమా అని ముందుగా విచారించాలని నా అభిప్రాయం.

బల్లదీపపు చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. 1780 ప్రాంతంలో స్విట్జర్లాండుకు చెందిన ఎమె ఆర్గాన్ గుండ్రని బోలు ఒత్తిని రెండు లోహపు గొట్టాల నడుమ అమర్చి, మంటకు లోపలి నుండి, వెలుపలి నుండి గాలి ఆడేటట్లు చేశాడు. మంట చుట్టూ గొట్టం నిలపడంతో పొగ తగ్గి, ఒక్క దీపమే అనేక క్రొవ్వొత్తుల పెట్టు అయింది. 1850 దశకంలో కిరోసిన్ దీపాలు వచ్చాయి. 1879లో ఎడిసన్ విద్యుద్దీపాన్ని ప్రదర్శించిన తరువాత కూడా బల్లదీపపు ఆకారం చాలాకాలం కిరోసిన్ దీపాన్నే అనుకరించింది. 1932లో మోటారు వాహనాల స్ప్రింగులలో నిపుణుడైన జార్జి కార్వర్డిన్ అనే ఆంగ్లేయ ఇంజనీరు, ఎటు వంచితే అటు నిలిచే చేయి గల దీపానికి ఆధారమైన అమరికను రూపొందించాడు. యాంగిల్‌పాయిజ్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన ఆ దీపంలో నగిషీ ఏమీ లేదు. అయినా నా దృష్టిలో ఇంటికి తెచ్చుకోదగిన పాతదీపాలలో దానిది ముందు వరుస.

అందమే ప్రధానంగా పుట్టిన దీపాలు లేకపోలేదు. న్యూయార్కులో లూయీ కంఫర్ట్ టిఫనీ కర్మాగారం నుండి వెలువడిన రంగుగాజు దీపాలు అట్టివి. వాటి గొడుగులలో కొన్నింటికి దాదాపు రెండువేల గాజు ముక్కలు కావలసివచ్చేవి. ఒక్కొక్క ముక్క అంచుకు సన్నని రాగిరేకు చుట్టి, ముక్కలన్నింటిని టంకంతో అతికేవారు. ఈ దీపాల రూపకల్పన టిఫనీదేనని లోకం చాలాకాలం నమ్మింది. గాజు కోసే స్త్రీల విభాగానికి అధిపతిగా ఉండిన క్లారా డ్రిస్కాల్ వ్రాసిన ఉత్తరాలు వెలుగుచూసిన తరువాత, పేరుపొందిన దీపాలు అనేకం ఆమె ఊహలో పుట్టినవని తేలింది. 2007లో న్యూయార్కు హిస్టారికల్ సొసైటీ ఈ విషయంపైనే ఒక ప్రదర్శన ఏర్పాటుచేసింది. వివాహమైన స్త్రీలు ఆ విభాగంలో పనిచేయడానికి వీలులేదన్నది ఆనాటి నియమం. దీపంపై ముద్రింపబడిన పేరు ఒకరిది, దానికి రూపమిచ్చిన చేయి మరొకరిది. మన పెంబర్తి ఇత్తడి దీపాలకు అసలు పేరే ఉండదు గదా!

ఆ పేరుకు గిరాకీ ఉన్నందువల్లనే దొంగముద్రలు కూడా బయలుదేరాయి. కావున పేరు చూసి కొనడం కంటె వస్తువును చూసి కొనడం మేలు. సాధారణంగా నూరేండ్లు దాటిన దానిని పురాతన వస్తువనీ, అంతకు తక్కువ వయస్సు గలదానిని వింటేజి వస్తువనీ వ్యాపారులు వ్యవహరిస్తారు. అంగడిలో ఈ రెండు మాటలూ యథేచ్ఛగా స్థానాలు మార్చుకుంటాయి. ఇత్తడి దీపమని చెప్పినప్పుడు చిన్న అయస్కాంతాన్ని దగ్గర చేర్చి చూడాలి. అది అంటుకొన్నదంటే పైన ఇత్తడి పూత, లోపల ఇనుము ఉన్నదన్నమాట. మరలు, అడుగుభాగం, గొడుగు ఒకే కాలానివో కావో చూడాలి. ఎక్కడెక్కడి భాగాలనో జతచేసి ఒక దీపంగా నిలబెట్టడం అంగళ్లలో సామాన్యం. అట్లా కూర్చిన దీపాన్ని కొనడం తప్పని నేననను. అట్టిదని తెలిసి, ఆ వెలకే కొనాలి.

కొన్న తరువాత వచ్చే చిక్కు ఇంతకంటె పెద్దది. పాత విద్యుద్దీపపు తీగకు గుడ్డ లేదా రబ్బరు తొడుగు ఉంటుంది. ఏండ్లు గడచేకొద్దీ రబ్బరు పెళుసెక్కి రాలిపోతుంది. వెలుగుతున్నది గదా అని దానిని అట్లే వాడడం ప్రాణాపాయం. అమెరికా దీపాలు 120 వోల్టులకు, మన ఇళ్లలోని విద్యుత్తు 230 వోల్టులకు సంబంధించినవి గనుక బల్బు ఒక్కటే మార్చి ఊరుకోరాదు. తీగ, హోల్డరు, ప్లగ్గు మూడింటిని తెలిసిన పనివానిచేత మార్పించాలి. లోహపు దీపమైతే మూడు కాళ్ల ప్లగ్గు, ఎర్తు తీగ తప్పనిసరి. పాతదనం పోతుందని దీనికి వెనుదీసేవారున్నారు. ఎవరికీ కనబడని తీగలో పాతదనాన్ని కాపాడి ఏమి ప్రయోజనం?

కాని కిరోసిన్ దీపాన్ని విద్యుద్దీపంగా మార్చే విషయంలో నా పట్టుదల ఇందుకు విరుద్ధం. తీగ దూర్చడానికి దాని కుప్పెకు రంధ్రం చేయిస్తారు. ఆ రంధ్రం ఇక పూడదు. ఒత్తి ఉండేచోట మరతో బిగించే హోల్డరును అమర్చి, తీగను ప్రక్కనుండి దింపితే దీపానికి గాయం కాదు, రేపు దానిని తీసివేయవచ్చు కూడా. వేడి తక్కువైన ఎల్.ఇ.డి. బల్బు వచ్చిన తరువాత పట్టుగొడుగులకు, కాగితపు గొడుగులకు మాడిపోయే భయం చాలవరకు తగ్గింది. 2700 కెల్విన్ అని వ్రాసి ఉన్న బల్బు పాతకాలపు పసుపుఛాయ వెలుగునే ఇస్తుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు గొడుగు అంచు ఇంచుమించు కంటి ఎత్తులో ఉంటే బల్బు కంట గుచ్చుకోదు. కుడిచేత వ్రాసేవారు దీపాన్ని ఎడమప్రక్క ఉంచుకొంటే చేతినీడ కాగితంపై పడదు.

శుభ్రపరచడంలో ఒక పేచీ ఉన్నది. లోహంపై ఏర్పడిన ముదురుఛాయను చెరపరాదని సేకర్తల శాసనం. మన ఇళ్లలోనేమో పండుగనాడు చింతపండుతో తోమని దీపం దీపమే కాదు. పూజలో ఉన్న దీపాన్ని తోమవలసిందే, అది దాని నిత్యజీవితం. వెండి పొదిగిన నల్లని బిదరీ వస్తువును మాత్రం పులుపుతో తోమరాదు. దాని అందమంతా ఆ నలుపులోనే ఉన్నది.

ఒకరకం దీపాలను కొననేరాదని నా నిశ్చితాభిప్రాయం. గుడిలో ఉండిన తూగుదీపం, కంచు దీపపుసెమ్మె అంగడిలో కనబడితే అవి అక్కడికి ఎట్లా వచ్చినవని అడగాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేండ్లు నిండిన అట్టి వస్తువులను పురావస్తువులుగా పరిగణిస్తుంది. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం. విదేశాలలోని మన తెలుగువారు సెలవులకు వచ్చి తిరుగు ప్రయాణంలో పెట్టెలో సర్దుకొనే ముందు దీనిని గుర్తుంచుకోవాలి. అంగడివానికి సమాధానం తోచకపోతే ఆ దీపం ఎంత అందమైనదైనా వదలి రావలసిందే.

అసలు అంగడికి పోవడానికి ముందు అటక ఎక్కి చూడడం మంచిది. తాతగారు లెక్కలు వ్రాసుకొన్న లాంతరు, పగిలిన చిమ్నీతో అక్కడ ఉండవచ్చు. ఇత్తడి దీపమైతే పాతసామాన్లవాడు బరువు తూచి కొనుక్కుపోతాడు, దానితోపాటు ఎవరు ఏ రాత్రి దేనికి వెలిగించారన్న వృత్తాంతం కూడా పోతుంది. పెద్దలు ఉన్నప్పుడే అడిగి తెలుసుకోవాలి. అటక మీద ఏమీ దొరకలేదా, అప్పుడు హైదరాబాదులో గురువారం సాగే జుమ్మేరాత్ బజారుకో, మరొక పాతసామాన్ల అంగడికో పోవచ్చు. జేబులో ఒక అయస్కాంతం, చేతిలో ఆనాటి వార్తాపత్రిక ఉంటే చాలు. దీపాన్ని వెలిగించి చూపుమని అడిగి, పత్రికను దాని క్రింద పరచి, సన్నని అక్షరాల ప్రకటనలు చదివి చూడండి.